వరద ఒడ్డున త్రేన్పులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. రిటైరైన పెద్దవాళ్ళని బస్సు నిండా ఎక్కించుకుని పరాయి దేశాలు తిప్పి చూపించే ఉద్యోగానికి అది పనికిరాదని మా ఆఫీసులో చేరిన రోజే చెప్పారు. కోపం లేనివాళ్ళు ఈ ఉద్యోగంలో వారం కూడా నిలవరని నేను ఇప్పటికీ అంటాను. వేడినీళ్ళు రాలేదని పొద్దున మొదలై, దిండు మెత్తగా లేదని రాత్రి ముగిసే ఫిర్యాదుల మధ్య అప్పుడప్పుడూ కళ్ళెర్రజెయ్యకపోతే బస్సు హోటలు గేటు కూడా దాటదు.

మా టూర్లకి ఒక ప్రత్యేకత ఉంది. బస్సుకి ముందు వంటవాను నడుస్తుంది. మనవాళ్ళు ఏ దేశం చూడ్డానికైనా సిద్ధమే, కానీ మధ్యాహ్నం కంచంలో పొగలు కక్కే అన్నం పడకపోతే ఎంత పెద్ద జలపాతం చూపించినా మొహాలు వేలాడేస్తారు. అందుకని మేమింకా హోటల్లో కాఫీలు తాగుతుండగానే వంటవాను బయల్దేరి వెళ్ళిపోతుంది. దారిలో ముందే మాట్లాడి పెట్టుకున్న చోట ఆగి, పొయ్యిలు వెలిగించి, మేం చేరేసరికి వడ్డనకి సిద్ధంగా ఉంటుంది. ఆ వాను నడిపేదీ, వండేదీ, వడ్డించేదీ, గిన్నెలు తోమేదీ ఒక్క మనిషే. అందరూ అతన్ని వంటాయన అంటారు. పదిమందిలో నేనూ అలాగే అంటాను.

వంటాయనకి ఆకలంటే భయం. తన ఆకలి కాదు, ఎదుటివాళ్ళది. బంతి కాస్త ఆలస్యమైతే నిలబడలేడు, కూర్చోలేడు, గరిటె చేతిలో పట్టుకుని పొయ్యి చుట్టూ ప్రదక్షిణలు చేస్తాడు. ఒకసారి మా బస్సు టైరు పంక్చరైతే, రిపేరు పూర్తయ్యేదాకా ఆగలేక వండినవన్నీ వానులోకి ఎక్కించుకుని వెనక్కి వెతుక్కుంటూ వచ్చి రోడ్డు పక్కనే వడ్డించేశాడు. "అక్కడే ఉండండి, మేమే వస్తున్నాం" అని ఫోనులో నేను గట్టిగా చెప్పాను. "అలాగే మేనేజరు గారూ" అన్నాడు. అన్నవాడు అలాగే ఉన్నాడా? లేడు. అతనితో వచ్చిన చిక్కే అది. ఎవరిదైనా ఆకలి అతని చెవిలో పడితే నా మాట ఇక చెవికెక్కదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ముందురోజు సాయంత్రం ఆ మహానుభావుడు నన్ను పెళ్ళి చేసుకుందామా అని అడిగాడు. పెద్ద గిన్నె తోముతున్నాడు. మోచేతులదాకా నురగ. నేను గరిటెలు తుడిచి పెడుతున్నాను.

"మేనేజరు గారూ, మీరేమీ అనుకోనంటే ఒక మాట. మనిద్దరం పెళ్ళి చేసుకుంటే ఎలా ఉంటుందంటారు?"

నా చేతిలో గరిటె జారి నేలమీద గంతులేసింది. తీసి, మళ్ళీ తుడిచి, "టూరయ్యాక చెబుతాను" అన్నాను. ఇష్టం లేక కాదు. ఇష్టం ఎప్పుడో వచ్చి మనసులో పీట వేసుకుని కూర్చుంది. కానీ ఆగమంటే ఆగని మనిషితో బతుకంతా ఎలా వేగాలా అని నా బెంగ. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పట్టనందుకు అతని మీదే కోపం వచ్చింది.

మర్నాడు వంటాయన ఎప్పటిలాగే ముందు వెళ్ళాడు. మేం బయల్దేరేటప్పుడు ఎండ ఫెళ్ళున కాస్తోంది. బస్సులో వెనక అంత్యాక్షరి మొదలైంది. కిటికీ పక్క సీటు కోసం రోజూ ఎవరో ఒకరితో పేచీ పెట్టుకునే బాబాయి ఒకాయన ఉన్నాడు. కిటికీ బాబాయి అనే పేరు అలా స్థిరపడిపోయింది. ఆ పూట కిటికీ దొరికింది కాబట్టి ఆయనా పాడుతున్నాడు. దారి ఊరు దాటి కొండల వైపు తిరిగిందో లేదో, బస్సులో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారిగా కీచుమని అరిచాయి. తెర మీద ఎర్రరంగులో ఆ దేశపు భాషలో ఏదో రాసి ఉంది.

"ఏదో లోను ఇస్తారట్లే" అని కిటికీ బాబాయి నొక్కి పారేశాడు. మిగతావాళ్ళూ నొక్కి పారేసి పాట అందుకున్నారు.

ఆ భాష నాకు వచ్చు. చదివేసరికి పాట నా చెవుల్లోంచి వెళ్ళిపోయింది. పైన కొండల్లో కుంభవృష్టి పడుతోందట, వాగులు ఉన్నట్టుండి పొంగి రోడ్ల మీదకి రావచ్చట. డ్రైవరు వైపు చూశాను. ఆ దేశస్థుడే, గుబురు మీసాలాయన. మాతో తిరిగి మూడంటే మూడు తెలుగు మాటలు నేర్చుకున్నాడు. దిగండి, ఎక్కండి, చాలు. ఆయన అప్పటికే వేగం తగ్గించి, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని ముందుకి వంగి చూస్తున్నాడు.

నేను మైకు తీసుకున్నాను. "అందరూ ఒక్కసారి వినండి. కొండల మీద పెద్ద వాన పడుతోంది. దారిలో వాగు పొంగే ప్రమాదముంది."

"వానేదమ్మా? నా బట్టతల మాడిపోతుంటేనూ!" అని వెనకనించి ఒకరు. బస్సంతా నవ్వు.

"మన నెత్తిన పడక్కర్లేదండీ. పైన పడితే చాలు, కిందకి నీళ్ళు రావడానికి మనల్ని అడగవు" అన్నాను. అదీ జోకే అనుకుని నవ్వారు.

మలుపు తిరిగాం. రోడ్డు అక్కణ్ణించి పల్లంలోకి దిగి, ఒక వాగు మీదుగా పోయి, అవతల మళ్ళీ మిట్ట ఎక్కుతుంది. పొద్దున వంటాయన దాటినప్పుడు అది గులకరాళ్ళ వాగు, చుక్క నీళ్ళు లేవు. ఇప్పుడు రోడ్డు అడుగున టీ రంగు నీళ్ళు అడ్డంగా పరిగెడుతున్నాయి. పక్కన లోతు చూపించే తెల్లరాయి ఒకటి నిలబడి ఉంది. చూస్తుండగానే దాని కాళ్ళు మునిగాయి.

డ్రైవరు బ్రేకు వేశాడు. బస్సుని వెనక్కి, ఇంకా వెనక్కి, పూర్తిగా మిట్ట మీదకి తీసుకెళ్ళి రోడ్డు వారగా ఆపాడు. ఇంజను కట్టేసి, తాళంచెవి జేబులో వేసుకుని, మా వైపు తిరిగి చెప్పాడు. "చాలు."

ఆయన ఆ దేశపు అత్యవసర నంబరుకి ఫోను చేస్తుంటే నేను అందర్నీ దింపి నీడన నిలబెట్టాను. అప్పుడు కనిపించింది అవతలి మిట్ట. అక్కడ రేకుల షెడ్డు, దాని పక్కన మా వంటవాను, షెడ్డు కింద బల్లల మీద వరసగా గిన్నెలు. గాలి మా వైపే కొడుతోంది. పోపు వాసన నీళ్ళు దాటి వచ్చి మా ముక్కుల్లో దూరింది. అంతే, అందరి కడుపుల్లో ఎలుకలు పరుగు పందెం మొదలుపెట్టాయి.

"మోకాలి లోతు కూడా ఉండదమ్మా" అన్నాడు కిటికీ బాబాయి. "మన బస్సు ఎంతెత్తుంది! సర్రున దాటించమను."

"లోతు ఒక్కటే కాదయ్యా, వేగం చూడు" అన్నారు ఇంజనీరు గారు. ఆనకట్టల మీద పనిచేసి రిటైరైన మనిషి. "అడుగున రోడ్డు ఉందో, కొట్టుకుపోయిందో నీకు కనిపిస్తోందా?"

"నీకేం, పొద్దున టిఫిను రెండుసార్లు లాగించావు. ఎన్నైనా చెబుతావు."

పదిమంది బాబాయి పక్క చేరారు. ఒకాయన ప్యాంటు మడవడం కూడా మొదలుపెట్టాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బస్సెక్కి మైకు అందుకున్నాను. బయట స్పీకరు ఖంగున మోగింది.

"వినండి! పరిగెత్తే నీళ్ళు మోకాలిదాకా వస్తే మనిషిని పడేస్తాయి. ఇంకాస్త పెరిగితే కార్లని తేల్చుకుపోతాయి. కాబట్టి నీళ్ళలోకి బస్సు దిగదు, మనుషులూ దిగరు. ఆ చెట్టు దాటి ఎవరూ కిందకి పోవద్దు. కాదూ కూడదంటే ఏ గంగలోనైనా దూకండి కానీ, ఈ వాగులో మాత్రం వద్దు. నా ఉద్యోగం పోతుంది!"

ప్యాంటు మడిచినాయన విప్పుకున్నాడు. అందరూ నవ్వారు. నవ్వితే మాట వింటారు, అది నాకు తెలుసు. బస్సులో ఉన్న బిస్కెట్లు పంచుదామని లేచానో లేదో ఫోను మోగింది. వంటాయన.

"మేనేజరు గారూ, అన్నం దించేశాను. అందరూ అక్కడే నిలబడిపోయారేంటి?"

"నీళ్ళు కనిపించడం లేదా? దాటం. నీళ్ళు తగ్గేదాకా మీరు అక్కడ, మేం ఇక్కడ. అన్నం చల్లారితే చల్లారనీండి."

"అయ్యయ్యో, పెద్దమ్మ గారు మాత్ర వేసేసుకున్నారండీ!"

ఇది అతని పద్ధతి. మా బస్సులో అందరికంటే పెద్దావిడ, అందరికీ పెద్దమ్మ. ఆవిడకి షుగరు. వంటాయన రోజూ అన్నం దించబోయే ముందు ఆవిడకి ఫోను చేసి, ఇక మాత్ర వేసుకోండి అని చెబుతాడు. మాత్ర లోపలికి వెళ్ళాక కాసేపట్లో ముద్ద పడాలి, లేకపోతే కళ్ళు తిరుగుతాయి. ఆ పూట కూడా అలాగే చేశాడు, వాగు సంగతి తెలియక.

"నేను వేసుకోమన్నానండీ. నా మాట మీద వేసుకున్నారు. నేనే తెస్తాను, మన వాను ఎత్తేగా."

"వద్దు! ఆవిడ సంచిలో బిస్కెట్లున్నాయి, ఇప్పుడే తినిపిస్తాను. మీరు అక్కడ..."

ఫోను తెగిపోయింది. మళ్ళీ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. చూస్తే అవతల అతను గిన్నెలు ఒక్కొక్కటే వానులోకి ఎక్కిస్తున్నాడు. ఫోను బల్ల మీద పడేసి ఉంటాడు. నా మాట చివరిదాకా విన్నాడో లేదో. విన్నా వినడు.

పెద్దమ్మ ఒక బండరాయి మీద కూర్చుని బిస్కెట్లు శుభ్రంగా నములుతోంది. "నాకేం కాలేదే పిల్లా, ఇదిగో తింటున్నాను. వాడికి చెప్పు" అంది.

ఎలా చెప్పను? వాను తలుపు మూసుకుంది. హెడ్‌లైట్లు వెలిగాయి. తెల్లరాయి అప్పటికి నడుందాకా మునిగింది. ఒక పెద్ద దుంగ నీళ్ళలో దొర్లుకుంటూ వచ్చి, రోడ్డు మధ్య ఒక్కసారి మునకేసి, మరి కనిపించలేదు. అప్పుడు భయమేసింది నాకు, ముందురోజు గరిటె తుడుస్తూ నేను నాన్చిన జవాబు ఇక ఎవరికీ చెప్పుకోలేకుండా పోతానేమోనని.

"ఒరేయ్! ఆగరా! ఆగు!"

ఆ కేక నాదే. నీళ్ళ హోరులో అది నాకే సరిగ్గా వినపడలేదు. స్పీకరుదీ అదే గతి. డ్రైవరు హారను కొట్టాడు. రెండు చేతులూ ఎత్తి ఊపాను. నన్ను చూసి అందరూ చేతులెత్తి ఊపారు. టోపీలు, తువ్వాళ్ళు, గొడుగులు, ఏది దొరికితే అది ఊపారు. ముప్ఫైమంది పైగా మిట్ట మీద ఎగిరెగిరి చేతులూపుతుంటే అవతలి మనిషికి ఏమర్థమవుతుంది? వాను హెడ్‌లైట్లు రెండుసార్లు వెలిగి ఆరాయి. వస్తున్నా, వస్తున్నా అని. వేగం పెంచి పల్లంలోకి దిగడం మొదలుపెట్టాడు.

"ఊపకండి! ఊపకండి! ఆకలికి అల్లాడిపోతున్నాం అనుకుంటున్నాడు!" అని అరిచాను. అందరి చేతులూ గాల్లోనే ఆగిపోయాయి.

అప్పుడు పెద్దమ్మ బిస్కెట్టు పొడి దులుపుకుని లేచింది. "ఆగమంటే వాడు ఆగడే. తినేశామంటే ఆగుతాడు."

పెద్దమ్మే ముందు మొదలుపెట్టింది. రోడ్డు మీదకి వచ్చి, వాను వైపు తిరిగి, నీళ్ళ సీసా ఎత్తి చెయ్యి కడుక్కుంది. కొంగుతో మూతి తుడుచుకుంది. తర్వాత పొట్ట మీద చెయ్యి వేసి, తల వెనక్కి వాల్చి, ఆకాశంకేసి నోరు తెరిచి ఇంత పెద్ద త్రేన్పు నటించింది. దూరం నుంచి చూసినవాళ్ళకి ఆవిడ పెళ్ళి భోజనం చేసి వచ్చిందనే అనిపిస్తుంది.

ఇక చూడాలి మా వాళ్ళని. నా సర్వీసులో ఎంతో ఘనమైన టూర్లు చేశాను కానీ అంతటి నాటకం ఎక్కడా చూడలేదు. ఇంజనీరు గారు బెల్టు విప్పి రెండు చిల్లులు వదులు చేసుకున్నారు. ఒకావిడ వరసగా అందరికీ లేని తమలపాకులకి లేని సున్నం రాసి అందిస్తోంది, వాళ్ళు బుగ్గన పెట్టుకుని నములుతున్నారు. ప్యాంటు మడిచినాయన అగ్గిపుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. దంపతులిద్దరు లేని మారు వడ్డన వద్దు వద్దంటూ చేతులడ్డం పెడుతున్నారు. ఇందాకటినించి ఆకలో అని గోల పెట్టిన కిటికీ బాబాయి అయితే రోడ్డు పక్క గడ్డి మీద వెల్లకిలా పడిపోయి, రెండు చేతులతో పొట్ట నిమురుకుంటూ భుక్తాయాసం పడుతున్నాడు. పాపం, ఆ పొట్ట లోపల ఎంత ఏడ్చిందో. ఏం జరుగుతోందో అర్థం కాకపోయినా డ్రైవరు కూడా బస్సు దిగివచ్చి, గుబురు మీసాలు తుడుచుకుని, చెయ్యి అడ్డంగా ఊపుతూ తనకొచ్చిన తెలుగు నటించాడు. చాలు, చాలు.

నాకు ఏడుపు ముంచుకొస్తోంది, దాని మీద నవ్వు ముంచుకొస్తోంది. నేనూ పొట్ట మీద చెయ్యి వేసుకుని, వాను అద్దం వైపే చూస్తూ త్రేన్చాను. నా బతుకులో అంత భయపడుతూ చేసిన పని ఇంకొకటి లేదు.

వాను నీళ్ళ అంచుకి వచ్చింది. ముందు చక్రాలు తడిశాయి. అక్కడ ఆగింది.

మేం ఆపలేదు. ఆపితే దొరికిపోతామని మరింత జోరుగా త్రేన్చాం. వాను అలాగే నిలబడి ఉంది. ఆ తర్వాత దాని వెనక తెల్లదీపాలు వెలిగాయి. మెల్లగా, ఎంతో అయిష్టంగా, వెనక్కి వెనక్కి వెళ్ళి మిట్ట ఎక్కింది.

పెద్దమ్మ నన్ను కావిలించుకుంది. కిటికీ బాబాయి గడ్డిలోంచి లేచి ఇంజనీరు గారితో కలిసి రెండు గంతులేశాడు. నేనైతే రోడ్డు మీదే చతికిలబడ్డాను. మధ్యలో పెద్దమ్మ నా చెవి దగ్గరికి వంగి, "అది సరే గానీ, వాణ్ణి ఒరేయ్ అన్నావేంటే?" అంది. నేను బిస్కెట్ల పొట్లం విప్పడంలో మునిగిపోయాను. నా మొహం చూసి ఆవిడకి కావలసినంత అర్థమైపోయింది. ఆవిడకి అర్థమైందంటే బస్సంతటికీ అర్థమైనట్టే.

అవతల వంటాయన గిన్నెలు దించి, మూతలు పెట్టి, బల్ల మీద మాకు వీపు చూపించి కూర్చున్నాడు. ఫోను చేస్తే ఎత్తలేదు. ఇంకెవరి చేతి వంటో తిని త్రేన్చామని అతని గుండె మండిపోతోందని ఆ వీపు చూస్తేనే తెలుస్తోంది. బతికి ఉన్నాడు, అలిగితే అలిగాడు. ఆ అలిగిన వీపుని చూస్తూ నేను ఎంత ముచ్చటపడ్డానో చెప్పలేను.

తర్వాత డ్రైవరు ఫోను అందుకున్న రోడ్డు శాఖ మనుషులు వచ్చి ముందు మా వైపు అడ్డుకర్రలు పెట్టారు. అవతల కూడా పెట్టారు. నీళ్ళు ఎంత హడావిడిగా వచ్చాయో అలాగే తగ్గడం మొదలైంది. తెల్లరాయి నడుము బయటపడింది, తర్వాత మోకాళ్ళు, తర్వాత పాదాలు. మేం నవ్వుకుంటూ, ఒకళ్ళ త్రేన్పుని ఒకళ్ళు వెక్కిరించుకుంటూ, బిస్కెట్లు నములుతూ చూస్తున్నాం.

నీళ్ళు పూర్తిగా తీశాక నవ్వులు ఆగిపోయాయి. వాగు మధ్యలో రోడ్డు లేదు. అవతలి ఒడ్డునించి రోడ్డు కొంచెం దూరం వచ్చి, బుద్ధిగా తెల్లగీతతో సహా తెగిపోయింది. అక్కణ్ణించి ఒక గొయ్యి. ఒక వానుని గిన్నెలతో సహా దాచిపెట్టుకోగలిగిన గొయ్యి. ఇందాక మునకేసిన దుంగ దాని అడుగున తలకిందులుగా గుచ్చుకుని ఉంది. వాను చక్రాలు ఆగిన చోటునించి అది ఎంతో దూరం లేదు.

కిటికీ బాబాయి చాలాసేపు చూశాడు. "మోకాలి లోతు అన్నాను కదమ్మా నేను" అన్నాడు చిన్న గొంతుతో. ఇంజనీరు గారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

కొండ అంచు మీదుగా చుట్టుదారి ఒకటి తెరిచి ఉందని, అది వాగుల్ని వంతెనల మీదుగా దాటుతుందని రోడ్డు మనుషులు చెప్పారు. డ్రైవరు వాళ్ళతో రెండుసార్లు రూఢి చేసుకుని, తాళంచెవి జేబులోంచి తీసి "ఎక్కండి" అన్నాడు. చుట్టూ తిరిగి షెడ్డు చేరేసరికి ఎండ పసుపెక్కింది.

వంటాయన లేచి నిలబడ్డాడు కానీ ఎదురు రాలేదు. మొహం మాడ్చుకుని ఉన్నాడు. గిన్నెల మూతల మీద గుడ్డలు కప్పి బిగించి కట్టేశాడు.

"పెద్దమ్మ గారికి ఎలా ఉంది?" మొదటి మాట అదే.

"నిక్షేపంగా ఉన్నాను నాయనా" అంది పెద్దమ్మ.

"అయితే సరే. మీ భోజనాలు అయిపోయాయి కదా. ఇవి తీసుకెళ్ళి ఎవరికైనా పెట్టేస్తాను." నా వైపు చూడకుండా అడిగాడు. "ఇంతకీ ఎవరు పెట్టారండీ భోజనం? బాగా వండినట్టున్నారు. అందరూ తెగ త్రేన్చారు."

ఎలా చెప్పాలో తెలియక ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అంతలో కిటికీ బాబాయి పొట్ట గుర్రుమని మూలిగింది. దాదాపు అందరికీ వినిపించేంత గట్టిగా. వంటాయన ఆ పొట్ట వైపు చూశాడు. వంటవాడు కదా, ఆ చప్పుడు అతనికి తెలియందేం కాదు.

నేను అతని చెయ్యి పట్టుకున్నాను. అందరి ముందే. లాక్కుంటూ మిట్ట అంచుకి తీసుకెళ్ళి, కింద రోడ్డు తెగిన చోటు చూపించాను.

అతను గొయ్యి చూశాడు. ఇందాక నీళ్ళ అంచు ఉన్న చోట ఇంకా కనిపిస్తున్న తన చక్రాల గుర్తులు చూశాడు. మళ్ళీ గొయ్యి చూశాడు.

"ఎవరూ తినలేదు" అన్నాను. "ఒక్క ముద్ద కూడా. ఆగమంటే నువ్వు ఆగవు కాబట్టి, తిన్నామని చెప్పాం. ఇంతమంది పెద్దవాళ్ళు ఖాళీ కడుపులతో రోడ్డు మీద నిలబడి నీ కోసం త్రేన్చారు."

భుజం మీద తువ్వాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

"నేను వేసుకోమన్నానని వేసుకున్నారండీ ఆవిడ. అది ఒక్కటే బుర్రలో ఉంది. నీళ్ళు కనిపించలేదు నాకు."

"నేను కూడా కనిపించలేదా?"

తల దించుకున్నాడు. "ఇకనుంచి మీరు ఆగమంటే ఆగుతాను. ఒట్టు."

వెనకనించి పెద్దమ్మ గొంతు. "ఇంకా ఆ మీరు, గారు ఏంట్రా? నిన్ను ఒరేయ్ అంది. గొంతు చించుకుని మరీ అంది. వాగు హోరులో నీకు వినపడలేదు కానీ మేమంతా విన్నాం."

"నన్నా?" అన్నాడు. తడి కళ్ళతోనే మొహమంతా నవ్వు పరుచుకుంది. ఆ నవ్వుతోనే పరుగెత్తి గిన్నెల కట్లు విప్పడం మొదలుపెట్టాడు.

ఆ భోజనం గురించి ఏం చెప్పను? చల్లారిపోయిన అన్నం అంత రుచిగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. కిటికీ బాబాయి మూడోసారి వడ్డించుకుంటూ, బస్సులో తన కిటికీ పక్క సీటు తనంతట తానే ఇంజనీరు గారికి వదిలేశాడు. డ్రైవరు కంచం నిండా పెట్టించుకుని, ఇంకా పెట్టబోతే "చాలు" అనడం మర్చిపోయాడు.

నేనూ, వంటాయనా ఎప్పుడూ ఆఖరి బంతి. అందరివీ అయ్యాక వాను మెట్టు మీద నన్ను కూర్చోబెట్టి కంచం చేతికిచ్చాడు. గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. నేను తింటున్నంతసేపూ చూశాడు. కంచం అడుగు కనిపించాక, ఎక్కణ్ణించో ధైర్యం తెచ్చుకుని అడిగాడు.

"టూరయ్యాక చెబుతానన్నారు. అంతవరకూ ఆగమంటే ఆగుతాను. ఇప్పుడే ఒట్టు కూడా వేశాను. కానీ..."

ఆగుతానన్నవాడు ఆ మాట పూర్తయ్యేలోపే ఆగలేకపోతున్నాడు. ఈ మనిషి మారడని నాకు అక్కడే తెలిసిపోయింది. ఎవరి ఆకలో వినిపిస్తే మళ్ళీ పరిగెడతాడు, నేను మళ్ళీ గొంతు చించుకుంటాను. కానీ ఇతను లేని ఒడ్డున నిలబడ్డం ఎలా ఉంటుందో ఆ మధ్యాహ్నం కాసేపు చూసి వచ్చాను. అది నా వల్ల కాదు.

నోట్లో ముద్ద ఉంది. మింగి చెబుదామని నీళ్ళు తాగాను. చెప్పబోయి నోరు తెరిచేసరికి మాటకి బదులు లోపలినించి తన్నుకుంటూ వచ్చింది. బ్రేవ్!

వంటాయన గరిటె ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. అనుమానంగా, ఆశగా నా మొహంలోకి చూశాడు.

"ఇదైనా నిజమేనా?" అన్నాడు.

"నిజమే రా" అన్నాను. "చేసుకుందాం."